జీతం లెక్కలకు ఏ యాప్ మంచిది అని అడిగారు, ముందు ఇంట్లో ఒక పుస్తకం పెట్టండి

మీరు అడిగింది ఇది: జీతం 28 వేలు, పదిహేనో తారీఖు దాటేసరికి ఖాతాలో ఏమీ మిగలడం లేదు, ఖర్చులు సర్దుకోవడానికి మంచి యాప్ ఏదో చెప్పండి అని. నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో పద్నాలుగేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. యాప్ సంగతి తర్వాత. ఈ సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు గీతల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. దాన్ని బీరువాలో దాచకండి, ఇంట్లో అందరి చేతికీ అందేచోట పెట్టండి. మీ డబ్బు సంగతి మీ ఒక్కరికే తెలిస్తే ఆ డబ్బు సగం పోయినట్టే లెక్క. మా ఇంట్లో అట్లాగే పోయింది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మా బాపు ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. మిల్లు మూతపడ్డాక ఒక రైసుమిల్లులో కాటా దగ్గర కుదిరాడు. పైసా దుబారా చేసే మనిషి కాదు. ఎవరికి ఇచ్చాడో, ఎక్కడ దాచాడో అన్నీ మనసులోనే పెట్టుకునేవాడు. అమ్మ అడిగితే "నీకెందుకే గీ రంది, నేనున్న గద" అనేవాడు. ఆ మాటలో ప్రేమే ఉండేది. 2018 మే నెలలో మంచం పట్టాడు, జూలై 8న పోయాడు. దినాలు గడిచాక, జూలై 19న, అమ్మ, తమ్ముడు, నేను ఆయన రేకుపెట్టె ముందు కూర్చున్నాం.

పైన ఉతికి మడతపెట్టిన పంచె. దాని కింద బట్టల దుకాణం కవరులో కాగితాలు. రబ్బరుబ్యాండ్లు కరిగి కాగితాలకు అంటుకుపోయాయి, గోటితో గీకి తీయాల్సి వచ్చింది. మూడు పాస్‌బుక్కులు, ఏడాదివారీగా పెట్టిన ఇంటిపన్ను రసీదులు, ఎర్ర రెగ్జిన్ అట్ట ఉన్న చిన్న పాకెట్ పుస్తకం, నాలుగు మడతలు వేసిన ప్రామిసరీ నోటు. పాకెట్ పుస్తకం విప్పితే తవుడు వాసన వచ్చింది. అమ్మ దాన్ని చాలాసేపు ముక్కు దగ్గరే పట్టుకుని కూర్చుంది.

నోటు మీద లక్షా యాభై వేలు, రూపాయిన్నర మిత్తి (నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ), రెవెన్యూ స్టాంపు మీద సంతకం, తేదీ 2015 జూన్ 8. నర్సంపేట దిక్కు ఒక ఊరాయన రాసిచ్చిన నోటు అది. వెనక్కి తిప్పితే తెల్లగా ఉంది. ఇంత ముట్టిందని ఒక్క చెల్లు కూడా రాసి లేదు.

అమ్మకు ఈ నోటు ఉన్నదనే తెలియదు. "మక్క కంకులు తెచ్చేటాయన గీయనే గదా" అంది పేరు చదివి వినిపిస్తే. ఆయన ప్రతి వానకాలం ఒక సంచి కంకులు తెచ్చి గడపలో దింపి, బాపుతో చాయ్ తాగి పోయేవాడు. చుట్టమనుకున్నాం.

తమ్ముడూ నేనూ వాళ్ల ఊరికి పోయాం. మంచం వాల్చి కూర్చోబెట్టారు, మజ్జిగ ఇచ్చారు. తర్వాత ఆయన అన్నాడు: "బిడ్డా, నేను మీ బాపుకు బాకీ లేను. మిత్తి ఎప్పటిదప్పుడు ఇచ్చిన, అసలు గూడ సగం ముట్టజెప్పిన. గాయనే ఉంటే చెప్పు." బాపు పాకెట్ పుస్తకంలో "న 2250" అని ఏడుచోట్ల ఉంది, అన్నీ మొదటి ఏడాదివే. లక్షా యాభై వేలకు రూపాయిన్నర చొప్పున నెలకు 2,250. అంటే నర్సంపేట ఆయన మిత్తి అని నేను లెక్క పట్టాను. కానీ అది బాపు చేతిరాత. నర్సంపేట ఆయన సంతకం ఎక్కడా లేదు. ఆ ముక్క చూపించి ఏమని అడుగుతాం?

హన్మకొండలో ఒక వకీలుకు చూపిస్తే తేదీ చూసి, వేళ్ల మీద లెక్కపెట్టి, "కాలదోషం పట్టిందమ్మా" అన్నాడు. నోటు రాసిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. లేదా ఆ మూడేళ్లు నిండకముందే ఎంతో కొంత చెల్లించి, అప్పు తీసుకున్నాయన తన చేత్తో చెల్లు రాసి సంతకం చేస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. గడువు దాటిపోయాక అయితే, ఇస్తానని ఆయనే మళ్లీ కాగితం రాసి సంతకం పెట్టాలి. ఎందుకు పెడతాడు? మేం పెట్టె తెరిచిన రోజుకే గడువు దాటి 41 రోజులయింది.

ఆ 41 రోజులు నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వవు. జూన్ 8న బాపు మంచంలోనే ఉన్నాడు. మేం పక్కనే కూర్చుని కొబ్బరినీళ్లు పట్టిస్తున్నాం. మాట పోలేదు, తెలివిగానే ఉన్నాడు. మే నెలలో "పెట్టెల ఒక నోటున్నది" అని అమ్మకు ఒక్క మాట చెప్పి ఉంటే తమ్ముడు బండి మీద పోయి పదివేలో ఐదువేలో తీసుకుని చెల్లు రాయించుకొచ్చేవాడు. భార్యకు డబ్బు సంగతి చెబితే రంది పెట్టుకుంటుందని మగవాళ్లు అనుకుంటారు. నా ఉద్దేశంలో ఇళ్లు మునిగేది ఖర్చుల వల్ల తక్కువ, ఈ చెప్పకపోవడం వల్ల ఎక్కువ.

పాస్‌బుక్కుల కథ ఇంకోటి. ఒకదాంట్లో 38 వేలున్నాయి. నామినీ ఎవరని చూస్తే బాపు వాళ్లమ్మ పేరు. ఆమె పోయి అప్పటికే ఇరవై ఏళ్లు. ఖాతా తెరిచినప్పుడు రాసింది అట్లాగే ఉంది. ఆ బ్యాంకు వాళ్లు మరణ ధ్రువపత్రం అడిగారు, ఇచ్చాం. తహశీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగారు, మీసేవలో పెట్టుకుని తెచ్చాం. ఆధార్‌లో అమ్మ ఇంటిపేరు ఒకరకంగా, రేషన్‌కార్డులో ఒకరకంగా ఉందన్నారు. నాలుగు నెలలు తిరిగితే ఆ 38 వేలు చేతికొచ్చాయి. మీ పాస్‌బుక్కులో నామినీ ఎవరో రేపే చూసుకోండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతా అయితే తప్పకుండా చూసుకోండి. పదేళ్లు కదలకుండా పడి ఉన్న డిపాజిట్లను బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిధికి జమచేస్తాయి. అక్కడికి పోయినా వారసులు అడిగి తెచ్చుకోవచ్చు. వెతకడానికి 2023లో రిజర్వు బ్యాంకు ఉద్గమ్ అని వెబ్‌సైటు పెట్టింది. కానీ ఏ బ్యాంకులో ఖాతా ఉందో కూడా తెలియని ఇంటివాళ్లు అసలు వెతకాలని అనుకుంటారా?

పాకెట్ పుస్తకంలో "చి–11" అని ఇంకో మాట ఉంది. అదేంటో మాకు అంతు చిక్కలేదు. నెల దాటాక మా వాడకట్టు అక్క ఒకామె వచ్చి, "మామ చిట్టి పదకొండు నెలలు కట్టిండు, ఇంకా తొమ్మిది నెలలున్నయి, మీరు కడతరా, కట్టిన కాడికి తీస్కుంటరా" అని అడిగింది. దానికి కాగితం లేదు, రసీదు లేదు. ఆమె రాకపోతే మాకు తెలిసేదే కాదు. ఆమె మీద నాకు ఈరోజుకూ గౌరవం ఉంది. అయినా ఆ చిట్టి ముగిశాక రిజిస్టరైనదాంట్లో తప్ప చేరలేదు. అక్కడైతే ఒప్పందం నకలు చేతికి వస్తుంది, దాన్ని పుస్తకంలో పెట్టి పిన్ను కొట్టొచ్చు.

ఇక మీ 28 వేల సంగతి. పుస్తకంలో మొదటి పేజీ ఖర్చులకు వాడకండి. ఆ పేజీలో మీ ఖాతాలు, నామినీల పేర్లు, బీమాలు, చిట్టీలు, మీరు ఎవరికి ఇచ్చారు, ఎవరి దగ్గర తెచ్చారు, నోటు తేదీ, దాని గడువు తేదీ, అన్నీ రాయండి. పిన్ నంబర్లు, పాస్‌వర్డులు మాత్రం రాయొద్దు. పొడి అక్షరాలు కూడా వద్దు, మీ ఇంట్లో చదివేవాళ్లకు అర్థమయ్యేలా పూర్తి మాటల్లో రాయండి. ఖాతాలో ఏటా 436 రూపాయలు కోసే జీవనజ్యోతి బీమా, 20 రూపాయల సురక్షా బీమా ఉంటే అవి కూడా రాయండి. రెండూ రెండేసి లక్షలవి, సురక్షా అయితే ప్రమాదానికే. మే నెలాఖరుకు ఖాతాలో 456 రూపాయలు లేకపోతే అవి ఆగిపోతాయి. ఉన్నాయని ఇంట్లోవాళ్లకు తెలియకపోతే ఉన్నా అడిగేవాళ్లుండరు.

రెండో పేజీలో ఏడాది ఖర్చులు. జీతం పదిహేనుకే అయిపోవడానికి కారణం చాయ్, సమోసాలని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. జూన్‌లో బడి ఫీజు, బతుకమ్మకు చీరలు, దసరాకు ఊరికి పోవడం, బండి ఇన్సూరెన్సు, వీటికి ఆ నెల జీతంలోంచే తీస్తాం, అక్కడ కుంగిన లెక్క మళ్లీ లేవదు. మేడారం సమ్మక్క జాతర చూడండి. రెండేళ్లకోసారి వస్తుందని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎత్తు బంగారం మొక్కుకుంటే మనిషి బరువు బెల్లం, మేకపోతు, బస్సు ఛార్జీలు, నాలుగు రోజుల తిండి. తెలిసి కూడా జనవరిలో అప్పుకు తిరిగే ఇళ్లు మా వాడకట్టులోనే ఎన్నో. 12 వేలు అవుతుందనుకుంటే 24 నెలలకు నెలకు 500. మేం పోస్టాఫీసులో ఆర్డీ, అంటే నెలనెలా కట్టే డిపాజిట్, కడుతున్నాం. అది ఐదేళ్లది, మూడేళ్లు నిండితే కానీ మూసే వీలు లేదు, అందుకే మేడారం డబ్బు అందులో కలపం. దానికి వేరే సేవింగ్స్ ఖాతా ఉంది, దాని పాస్‌బుక్కు మీద అమ్మ "సమ్మక్క" అని రాయించింది. ఆ డబ్బు వేరే పనికి తీయాలంటే ఇంట్లో ఎవరికీ చేయి రాదు.

ఫోన్ చెల్లింపులకు కూడా ఒకటే ఉపాయం. జీతం పడే ఖాతాను ఫోనుకు తగిలించకండి. ఇంకో చిన్న ఖాతా పెట్టి, ఆదివారం ఆదివారం అందులో 1,500 వేసుకోండి. గురువారానికి అయిపోతే శుక్ర, శనివారాలు ఇంటి నుంచి టిఫిన్ డబ్బా తీసుకుపోండి. నాకు ఏ యాప్ చెప్పినదానికన్నా ఈ శుక్రవారాలే ఎక్కువ నేర్పాయి.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. మా మార్కెట్ దగ్గర చాయ్ హోటళ్లలో "రెండ్రూపాయల మిత్తే గదా" అంటుంటారు. రెండు రూపాయలంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24. చెవులో కమ్మలు బ్యాంకులో పెట్టినా అంతకన్నా తక్కువకే వస్తుంది. ఇక గిరిగిరి వాళ్లున్నారు. పదివేలని చెప్పి వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిదివేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వందరోజులు వసూలు చేస్తారు. "వెయ్యే కదా పోయింది" అంటారు తీసుకున్నవాళ్లు. రోజూ కట్టుకుంటూ పోతుంటే సగటున మీ దగ్గర ఉండేది నాలుగున్నర వేలే. దానికి మూడునెలల పైచిలుకుకు వెయ్యి. ఏడాది లెక్కకు తెస్తే నూటికి ఎనభై. కూరగాయల బండ్లవాళ్లు, ఇస్త్రీ చేసేవాళ్లు ఏళ్లతరబడి దీంట్లోనే తిరుగుతుంటే చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మీ జీతంలో ఇట్లాంటిది ఏదైనా ఉంటే పొదుపు కన్నా ముందు దాన్ని తీర్చేయండి.

మా దుకాణంలో మిర్చి బస్తాలు కాటా అయ్యాక రైతు చేతికి తక్‌పట్టీ రాసిస్తాను. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏం ధర, హమాలీ ఎంత కోశాం, అన్నీ అందులో ఉంటాయి. చదువు రాని రైతు కూడా దాన్ని మడిచి అంగీ లోపలి జేబులో పెట్టుకున్నాకే కదులుతాడు. ఊళ్లోవాళ్లందరి సరుకుకూ నేను అంత పద్ధతిగా కాగితం రాస్తూ, మా బాపును మాత్రం ఒక్కరోజు కూర్చోబెట్టి "బాపూ, నువ్వు చెప్పు, నేను రాస్తా" అనలేదు. మీ అమ్మానాన్నలుంటే ఈ ఆదివారమే అడగండి. కోపం చేస్తారు, "అప్పుడే నా పైసల మీద పడ్డరా" అంటారు. అన్నా అడగండి.

ఇప్పుడు మా ఇంట్లో పుస్తకం వంటింటి గోడకు, క్యాలెండరు కింద మేకుకు వేలాడుతుంది, పెన్ను దారంతో కట్టి ఉంటుంది. అమ్మకు రాయడం రాదు. రాత్రి అన్నాలయ్యాక గోడకు ఒరిగి కూర్చుని ఒక్కొక్కటే చెప్తుంది, నా బిడ్డ రాస్తుంది. పాల పాకెట్లు, కరెంటు బిల్లు, గ్యాసు బండ తెచ్చిన పిల్లగానికిచ్చిన ముప్పై.

పోయిన వానకాలం నర్సంపేట ఆయన మళ్లీ వచ్చాడు, సంచి గడపలో దింపాడు. నాకు లోపలికి రమ్మనాలనిపించలేదు. అమ్మ చాయ్ ఇచ్చి పంపింది. ఆయన మూల మలుపు తిరిగాక కంకులు లెక్కపెట్టి, "రాయి బిడ్డా" అంది మనవరాలితో. ఆ రోజు పేజీలో చివరి వరుసలో ఉంది: మక్క కంకులు 22, నర్సంపేట ఆయన ఇచ్చినవి, అసలు ఇంకా లక్షా యాభై వేలు.