అమెరికాలో చెకింగ్ ఖాతా: క్రెడిట్ స్కోరు బాగున్నా రెండు బ్యాంకులు కాదన్నాయంటే

అడ్డం పడుతున్నది బహుశా చెక్స్‌సిస్టమ్స్ (పాత బ్యాంకు ఖాతాల్లోని సమస్యల వివరాలు సేకరించి బ్యాంకులకు ఇచ్చే సంస్థ) నివేదిక. క్రెడిట్ స్కోరుతో దానికి సంబంధం లేదు. బాకీతో మూతపడ్డ పాత ఖాతా అందులో సాధారణంగా 5 ఏళ్లు కనిపిస్తుంది.

1. చెక్స్‌సిస్టమ్స్ వెబ్‌సైటు నుంచి నివేదిక తెప్పించుకోండి. ఏడాదికి ఒకసారి ఉచితం.

2. తప్పుంటే అభ్యంతరం పంపండి. సాధారణంగా 30 రోజుల్లో విచారిస్తారు.

3. బాకీ నిజమైతే కట్టేయండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, దయచేసి మీరు ఆగకండి. కట్టగానే నమోదు దానంతట అదే మారుతుందని అనుకోవద్దు. బాకీ తీరినట్లు చెక్స్‌సిస్టమ్స్‌కు తెలియజేయమని పాత బ్యాంకుకు ఉత్తరం రాయండి. తీరినట్లు మీకూ ఒక కాగితం ఇమ్మనండి. కొత్త బ్యాంకులో ముందుగా చూపించాల్సింది అదే.

ఈలోగా జీతం జమ కావడానికి ‘బ్యాంక్ ఆన్’ (తక్కువ ఖర్చు ఖాతాలకు గుర్తింపునిచ్చే కార్యక్రమం) గుర్తింపు ఉన్న ఖాతా అడగండి. అందులో ఓవర్‌డ్రాఫ్ట్ రుసుము (ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ వాడితే పడేది) ఉండదు.