రాకపోకల కబుర్లు: బండి కొనాలా, బస్సుకే ఆగాలా?

బస్సుల టైం టేబుళ్లు వేసే సెక్షన్లో పనిచేసి రిటైరైన మా కాలమిస్టు ఈ నెల పాఠకుల ఉత్తరాలకు ఇచ్చిన జవాబులివి.

ప్రశ్న: మేడమ్, నాకు ఈమధ్యే ప్రమోషన్ వచ్చింది. ఎప్పట్లాగే బస్సులోనే ఆఫీసుకు వెళ్తున్నాను. నాకేం ఇబ్బంది లేదు. కానీ నా కింద పనిచేసే కుర్రాళ్లు కార్లు దిగుతుంటే నేను బ్యాగు తగిలించుకుని స్టాపు నుంచి నడిచి రావడం మా ఆవిడకు నచ్చడం లేదు. ‘ఈ హోదాలో ఇంకా బస్సేంటండీ, నామోషీగా లేదూ’ అంటోంది. అప్పు చేసి కారు కొనమంటారా?
(పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: అయ్యా, మీ ఆవిడను నేను తప్పుపట్టను. బస్సెక్కేవాడికి గత్యంతరం లేదనుకునే చోట ఆవిడ ఒక్కరే వేరేగా ఎందుకు ఆలోచించాలి? కానీ ఆ అభిప్రాయం మనుషుల స్వభావంలోంచి పుట్టిందంటే మాత్రం ఒప్పుకోను. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరంలో బ్యాంకు పెద్దలు కూడా ట్రామ్ ఎక్కుతారు. వాళ్లంతా పుట్టుకతో అణకువ గలవాళ్లని కాదు. భూగర్భ రైలు వేద్దామన్న ప్రతిపాదనను అక్కడి ఓటర్లు 1973లో కాదన్నారు. 1977లో మాత్రం ఉన్న ట్రాములనూ బస్సులనూ వేగంగా నడపడానికి డబ్బు ఖర్చుపెట్టమని ఓటేశారు. ట్రామ్ దగ్గరికి రాగానే సిగ్నల్ దానికి పచ్చదీపం చూపించేలా ఏర్పాట్లు చేశారు. కారులో కూర్చున్నవాడు ఆగి, ట్రాములో ఉన్నవాడు ముందు వెళ్లిపోతుంటే హోదా ఎవరిదో చెప్పాల్సిన పని లేదు.

జపాన్ సంగతీ ఇలాంటిదే. అక్కడివాళ్లకు రైలంటే ప్రత్యేకమైన ప్రేమ అని రాసేవాళ్లు రాస్తుంటారు. 1962 నాటి చట్టం ప్రకారం అక్కడ చాలాచోట్ల కారు కొనాలంటే, దాన్ని నిలపడానికి రోడ్డు మీద కాకుండా వేరే చోటు ఉందని పోలీసుల నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. రైలు పాసు ఖర్చేమో చాలా కంపెనీలే ఉద్యోగికి ఇస్తాయి. ఈ రెండూ తలకిందులు చేసి చూడండి, ఆ ప్రేమ ఎన్నాళ్లుంటుందో!

మీ ఆఫీసు విషయానికొద్దాం. కార్లలో వచ్చే మీ కుర్రాళ్లకు పార్కింగ్ ఉచితమా? అయితే అది కంపెనీ వాళ్లకిస్తున్న అదనపు జీతం. మీకు రావట్లేదు. కాలిఫోర్నియాలో 1992లో దీని మీద ఒక చట్టమే చేశారు. ఉద్యోగి పార్కింగ్ కోసం చోటు అద్దెకు తీసుకునే కొన్ని రకాల కంపెనీలు, ఆ చోటు వద్దన్నవాడికి దాని విలువను డబ్బు రూపంలో ఇవ్వాలి. మీ హెచ్.ఆర్. వాళ్లను ఓసారి కదిపి చూడండి. ఇస్తారని కాదు, వాళ్లు ఏమంటారో నాకు రాయండి.

ఇక కొనాలా వద్దా అన్నది. దానికి నా దగ్గర ఒకటే ప్రశ్న ఉంది: మీ స్టాపులో బస్సు ఎంతసేపటికొకటి వస్తుంది? మా సెక్షన్లో ప్రయాణ సమయం లెక్కేసేటప్పుడు, స్టాపులో నిలబడ్డ నిమిషాన్ని బస్సులో గడిపిన నిమిషానికి దాదాపు రెట్టింపుగా వేసేవాళ్లం. మనిషికి అది అంత భారంగా తోస్తుంది మరి. అరగంటకొక బస్సున్న రూట్లో టైం తెలియకుండా వచ్చినవాడు సగటున పావుగంట నిలబడతాడు. మనసు లెక్కలో అది అరగంట. ఎండలో, దుమ్ములో, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా. మీ ఆవిడకు నామోషీ అనిపించేది ఆ నిలబడటమే అయ్యుంటుంది. పది నిమిషాల లోపు బస్సొచ్చే రూటైతే కొనకండి. ఈఎంఐ, ఇన్సూరెన్స్, సర్వీసింగ్, పార్కింగ్, ఏటా పడిపోయే బండి విలువ అన్నీ కాగితం మీద వేసి ఆవిడకే చూపించండి. రోజులో ఎక్కువ భాగం ఊరికే నిలబడి ఉండే వస్తువు కోసం ఇంత కడుతున్నామా అని ఆవిడే అంటారు. అరగంటకొకటి వచ్చే రూటైతే మొహమాటపడకుండా కొనుక్కోండి. నేను బస్సుల మనిషినే అయినా మా ఇంట్లోనూ కారుంది. నేనే నడుపుతాను.

ప్రశ్న: ఎంత ఆగినా బస్సు రాదు. వస్తే మాత్రం ఒకే నంబరువి రెండు వెనకాలే వస్తాయి. డ్రైవర్లు కబుర్లు చెప్పుకుంటూ కలిసి బయల్దేరతారా?
(రోజూ తిట్టుకునే విద్యార్థిని)

జవాబు: లేదమ్మా, పాపం వాళ్లను తిట్టకు. బయల్దేరేటప్పుడు ఎడంగానే బయల్దేరతారు. ముందు బస్సు ఏదో సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు లేటైందనుకో. ఆ రెండు నిమిషాల్లో తర్వాతి స్టాపులో ఇంకొంతమంది పోగవుతారు. వాళ్లు ఎక్కడానికి టైం పడుతుంది, ఇంకాస్త లేటు. ఆ తర్వాతి స్టాపులో ఇంకా ఎక్కువమంది. వెనకొచ్చే బస్సుకేమో జనం మిగలరు, అది స్టాపుల్లో ఆగీ ఆగనట్టు వచ్చేసి ముందుదాన్ని పట్టుకుంటుంది. అందుకే ముందుది కిక్కిరిసి ఉంటుంది, వెనకది ఖాళీగా ఉంటుంది. నువ్వు గమనించే ఉంటావు. 1964లోనే న్యూవెల్, పాట్స్ అనే ఇద్దరు దీన్ని గణితంతో చూపించారు. చిన్న ఆలస్యం తనంతట తాను సర్దుకోదు, పెరుగుతూనే పోతుంది.

మందు లేకపోలేదు. దారి మధ్యలో ఒకటి రెండు చోట్ల వెనక బస్సును కాసేపు ఆపి ఎడం పెంచాలి. చివరి స్టాపులో తిరిగి బయల్దేరే ముందు తగినంత వెసులుబాటు ఉంచాలి. కానీ ఆ వెసులుబాటును పైవాళ్లు ‘బస్సు ఊరికే నిలబడింది’ అని కోసేస్తారు. నా ఉద్యోగంలో నేను పడ్డ పోట్లాటల్లో సగం ఆ నాలుగైదు నిమిషాల గురించే. ఈసారి రెండొస్తే వెనకదాంట్లో ఎక్కు, సీటు దొరుకుతుంది.

ప్రశ్న: నేను కారు నడుపుతాను. మా దారిలో ఒక లేన్ బస్సులకు ఇచ్చేశారు. అది ఎప్పుడు చూసినా ఖాళీగా ఉంటుంది, మేం పక్కన జాంలో మగ్గుతున్నాం. పన్ను కట్టేది మేమూ కదా! దాని బదులు రోడ్డు వెడల్పు చేయొచ్చుగా?
(ఒక వ్యాపారి)

జవాబు: ఖాళీగా కనిపిస్తోందంటే అది పనిచేస్తోందన్నమాటండీ. నిమిషానికొక బస్సు, బస్సుకు యాభై మంది అనుకుందాం. గంటకు 3,000 మంది దాటిపోతారు, కానీ మీరు చూసే ఏ క్షణంలోనైనా ఎక్కువ భాగం తారే కనిపిస్తుంది. మీ లేన్ నిండా బళ్లే. అయినా సిగ్నళ్లున్న నగర వీధిలో ఒక లేను గంటకు వెయ్యి కార్లను కూడా పంపడం కష్టం. కారుకు ఒకరో ఇద్దరో. కొలంబియా రాజధాని బొగోటాలో 2000 చివర్లో మొదలైన ట్రాన్స్‌మిలేనియో అనే బస్సు వ్యవస్థలో, రద్దీ దారుల్లో ఒక దిశలో గంటకు 40,000 మందికి పైగా ప్రయాణిస్తారు. అవి రైళ్లు కావు, సొంత లేన్లున్న బస్సులే.

వెడల్పు చేయడమంటారా? అమెరికాలో హ్యూస్టన్‌లోని కేటీ ఫ్రీవే అనే పెద్ద రహదారిని 2008 నాటికి విస్తరించారు. పక్క రోడ్లతో కలిపితే కొన్నిచోట్ల ఇరవైకి పైగా లేన్లు. కొన్నేళ్లకే రద్దీ వేళల్లో ప్రయాణ సమయం మళ్లీ పెరిగింది. చోటు దొరికితే, ఇన్నాళ్లూ రద్దీకి జడిసి వేరే దారినో వేరే వేళకో వెళ్లినవాళ్లూ, ఇంట్లో ఆగినవాళ్లూ బండి తీస్తారు. బస్సు వేగంగా వెళ్తే మీ పక్కనున్న కార్లలో కొన్ని రావడం మానేస్తాయి. కాబట్టి మీ ప్రయాణం తేలికపడాలన్నా ఆ లేన్ మీదే ఆశ పెట్టుకోండి.

మీ కోపం మాత్రం నాకర్థమైంది. స్టాక్‌హోంలో 2006లో నగరంలోకి వచ్చే కార్ల మీద రద్దీ రుసుము ప్రయోగంగా పెట్టినప్పుడు ముందు ఎక్కువమంది వద్దన్నారు. ఏడు నెలలు చూశారు. ట్రాఫిక్ దాదాపు అయిదో వంతు తగ్గింది. ఆ సెప్టెంబరు రెఫరెండంలో ఆ రుసుము ఉండాలనే నగరం ఓటేసింది. వాళ్లకు ఎవరూ ఉపన్యాసాలిచ్చి మార్చలేదు, రోడ్డు చూసి మారారు. మీరూ ఓ ఏడాది ఆగి మళ్లీ రాయండి. తిట్టినా అచ్చేస్తాం.

ప్రశ్న: నాది రాత్రి షిఫ్టు. బస్సులో భయం లేదు, దిగాక ఇంటిదాకా చీకట్లో నడవాలి. స్కూటర్ కొనుక్కుంటానంటే పర్యావరణం గురించి మా అన్నయ్య క్లాసు పీకుతున్నాడు.
(ఒక నర్సు)

జవాబు: స్కూటర్ కొనుక్కో తల్లీ. మీ అన్నయ్యకు ఆ చీకటి దారిలో నడిచే పని లేదు కాబట్టి క్లాసు తేలిగ్గా వస్తోంది. బస్సు ప్రయాణమంటే స్టాపు నుంచి స్టాపుకు కాదు, గడప నుంచి గడపకు. మా టైం టేబుళ్లలో ఆ నడకకు గడే ఉండేది కాదు. మాంట్రియల్‌లో 1996 నుంచి, రాత్రిపూట ప్రయాణించే ఆడవాళ్లు అడిగితే రెండు స్టాపుల మధ్య ఇంటికి దగ్గరగా దింపే ఏర్పాటు పెట్టారు. కొత్త బస్సు అక్కర్లేదు, కొత్త రోడ్డు అక్కర్లేదు, డ్రైవరుకు ఒక్క ఆర్డరు చాలు. మీ రవాణా అధికారులకు ఈ సంగతి రాయి. మీ వార్డులో తోటివాళ్ల సంతకాలూ పెట్టించు, ఒక్కరి ఉత్తరం ఫైల్లో పడి ఉంటుంది.

ప్రశ్న: టికెట్టు తీసేసి బస్సులన్నీ ఉచితం చేస్తే కార్లు మాయమవుతాయా?
(పదవ తరగతి విద్యార్థి)

జవాబు: మాయం కావు బాబూ. ఎస్టోనియా రాజధాని టాలిన్ 2013లో అక్కడి నివాసులకు ఉచితం చేసింది. లక్సెంబర్గ్ 2020లో దేశమంతటా అందరికీ చేసింది. టాలిన్‌లో బస్సులెక్కేవాళ్లు పెరిగారు. కానీ కార్లు తగ్గింది కొద్దిగానే, ఎక్కువ తగ్గింది నడక. చేతిలో డబ్బాడనివాళ్లకు ఉచితం పెద్ద సాయం, ఆ మాట కాదనను. కారున్నవాణ్ణి బస్సెక్కకుండా ఆపుతున్నది మాత్రం టికెట్టు ధర కాదు. అందుకే, ఖర్చుపెట్టడానికి డబ్బుంటే ముందు ఆ నర్సు అక్క రూట్లో రాత్రి పది తర్వాత ఇంకో రెండు ట్రిప్పులు వేయమంటాను.