ఎన్నారై సందేహాలు: మూడు వేల పదాల జాబితా బట్టీ పట్టాలా?

ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లకి వెళ్తున్న పిల్లలు, నేను వైజాగ్ వచ్చినప్పుడల్లా అడిగే ప్రశ్న ఇది. ఫోన్‌లో మూడు వేల ఇంగ్లీషు పదాల పీడీఎఫ్ చూపించి, అమెరికా ఫ్లైటెక్కేలోపు ఇదంతా నోటికి రావాలా అంటారు. అక్కర్లేదు. అలాగని పదాలే అక్కర్లేదని కాదు, చదవాల్సినవి వేరే ఉన్నాయి.

ఆ జాబితాలు చాలామటుకు పాత జీఆర్ఈ (అమెరికాలో పీజీ సీటు కోసం రాసే పరీక్ష) కాలం నాటి అలవాటు. అప్పట్లో ఒంటరిగా ఒక మాట ఇచ్చి, దాని వ్యతిరేకపదం గుర్తుపట్టమనేవారు. బట్టీకి మార్కులు పడేవి. 2011 ఆగస్టులో ఈ ఆంటనిమ్స్ (వ్యతిరేకపదాలు), అనాలజీస్ (పదాల జంటల మధ్య పోలిక) రెండూ తీసేశారు. ఇప్పుడు వెర్బల్‌లో, అంటే ఇంగ్లీషు విభాగంలో, వచ్చేవి 27 ప్రశ్నలు. వాటిలో పదాల మీద వచ్చేవి కూడా వాక్యంలో ఖాళీ పెట్టి అడుగుతారు. వాక్యం ఎటు తిరుగుతోందో తెలియకపోతే పదం అర్థం తెలిసినా లాభం లేదు. పైగా చాలా కోర్సులకి ఇప్పుడు జీఆర్ఈ తప్పనిసరి కూడా కాదు.

క్లాసులో పనికొచ్చే జాబితా కావాలంటే ‘అకడమిక్ వర్డ్ లిస్ట్’ అని నెట్‌లో వెతకండి. న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ విక్టోరియా యూనివర్సిటీకి చెందిన ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించారు. ఉన్నవి 570 పద కుటుంబాలే (ఒక మాట, దానిలోంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం). యూనివర్సిటీ పుస్తకాల్లో, పరిశోధన వ్యాసాల్లో సుమారు పది శాతం మాటలు వీటిలోంచే వస్తాయి. అసెస్, డెరైవ్, అలొకేట్, సబ్‌సీక్వెంట్, ఇంప్లై, ఇన్‌ఫర్... చూస్తే ‘ఓస్, ఇవేనా’ అనిపిస్తాయి. సరే, ఇంప్లై చేసేది ఎవరు, ఇన్‌ఫర్ చేసేది ఎవరు? రాసినవాడు ఇంప్లై చేస్తాడు (చెప్పకనే సూచిస్తాడు), చదివినవాడు ఇన్‌ఫర్ చేస్తాడు (దాన్నిబట్టి గ్రహిస్తాడు). ప్రొఫెసర్ ఎర్ర గీత పెట్టేది ఇలాంటి చోటే.

పదాన్ని ఒంటరిగా నేర్చుకోవద్దు, దాని పక్కన ఏ మాట కూర్చుంటుందో కూడా నేర్చుకోండి. మనకి ఉక్క పోస్తుంది, ఎండ కాస్తుంది. ఎండ పోస్తోందని వైజాగ్‌లో చిన్నపిల్లలు కూడా అనరు. ఇంగ్లీషులోనూ అంతే. వాన హెవీ, కాఫీ స్ట్రాంగ్. కన్‌క్లూజన్‌ని డ్రా చేస్తారు. నోట్‌బుక్‌లో పదం, దాని ఎదురుగా తెలుగు అర్థం రాసుకుంటే ఇది పట్టుబడదు. మొత్తం వాక్యం రాసుకోండి. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసమే తయారైన లెర్నర్స్ డిక్షనరీలు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. అర్థం తేలిక మాటల్లో చెప్పి, ఉదాహరణ వాక్యం ఇచ్చి, పలికి కూడా వినిపిస్తాయి. ఉచ్చారణ తప్పకుండా వినండి. ఎపిటమీని ఎపిటోమ్ అనీ, హైపర్బలీని హైపర్‌బోల్ అనీ చదివేవాళ్ళు బోలెడుమంది.

సంస్కృతం మాటలు కలిసిన తెలుగు మన నోట్లో ఉంది కాబట్టి ఇంకో సదుపాయం ఉంది. దంతం, డెంటల్. నామం, నామినల్. మాతృ, మెటర్నల్. నవ, రెనొవేట్. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని ఇంగ్లీషు జడ్జి, భాషా పండితుడు విలియం జోన్స్ 1786లోనే కలకత్తాలో చెప్పాడు. ఇలాంటి పోలిక దొరికితే మాట చటుక్కున గుర్తుండిపోతుంది. వినడానికి దగ్గరగా ఉన్న ప్రతి జంటా చుట్టాలే అనుకోకండి, అంతే.

మరచిపోతున్నామని టెన్షన్ పడేవాళ్ళకి: మరపు గురించి జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే రాశాడు. ఒకేరోజు వంద పదాలు రుద్దడం కన్నా, పది పదాలు తీసుకుని మర్నాడోసారి, మూడు రోజులకోసారి, వారానికోసారి తిరగేయడం నయం. ఆంకీ అనే యాప్ ఆ లెక్క తనే చూసుకుంటుంది.

ఇక స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో అప్లికేషన్‌తో రాసే వ్యాసం. ప్లెథోరా, మిరియడ్, పారడైమ్ లాంటి బరువైన మాటలు మూడూ ఒకే పేరాలో కనిపిస్తే నాకైతే రసంలో ఇంగువ డబ్బా బోర్లించినట్టుంటుంది. ఏ ప్రాజెక్టు చేశారో తేలిక మాటల్లో చెప్పండి.

నిజానికి అక్కడ ఇబ్బంది పెట్టేవి మనకి బాగా తెలుసనుకున్న మాటలే. కాలేజీ నుంచి ‘పాస్డ్ ఔట్’ అంటే అమెరికా వాళ్ళకి స్పృహ తప్పి పడిపోయారని వినిపిస్తుంది. గ్రాడ్యుయేటెడ్ అనాలి. క్లాసులో ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అంటే మీరు చెప్పింది నమ్మబుద్ధి కావట్లేదన్నట్టుంటుంది. క్వశ్చన్ అంటే చాలు. (ఈ శీర్షిక పేరు సందేహాలే అనుకోండి, అది మన మధ్య మాట.) జవాబివ్వండి అనడానికి ‘రివర్ట్’, అనుకున్న తేదీ కన్నా ముందుకి జరపడానికి ‘ప్రీపోన్’ అక్కడ నడవవు. లండన్ వెళ్ళేవాళ్ళకి ఒకటి: మీటింగ్‌లో ఒక విషయాన్ని ‘టేబుల్’ చేద్దామంటే బ్రిటన్‌లో చర్చకి పెడదామని, అమెరికాలో పక్కన పెడదామని.

అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సినవి మీరు సంతకం పెట్టే కాగితాల్లోని మాటలు. ఇవి ఏ కోచింగ్‌లోనూ చెప్పరు. ఉదాహరణకి, అమెరికా హెల్త్ ఇన్సూరెన్స్ కాగితాలు చూడండి. ప్రీమియం అంటే జబ్బు చేసినా చేయకపోయినా కట్టేది. డిడక్టబుల్ అంటే కంపెనీ తన వాటా ఇవ్వడం మొదలుపెట్టేలోపు ఏడాదిలో మీరు పెట్టుకోవాల్సిన సొమ్ము. కోపే అంటే డాక్టర్ దగ్గరకి వెళ్ళినప్పుడల్లా కట్టే నిర్ణీత మొత్తం. కోఇన్సూరెన్స్ అంటే డిడక్టబుల్ దాటాక మిగిలిన బిల్లులో మీ వంతు శాతం. డిడక్టబుల్ వెయ్యి డాలర్లు, కోఇన్సూరెన్స్ 20 శాతం అనుకుందాం. ఆ ఏడాది మొదటి బిల్లు మూడు వేలు వస్తే మీరు కట్టేది ముందు వెయ్యి, మిగతా రెండు వేలలో నాలుగు వందలు, మొత్తం పద్నాలుగు వందలు. నెట్‌వర్క్‌లో లేని, అంటే ఆ కంపెనీతో ఒప్పందం లేని ఆసుపత్రికి వెళ్తే లెక్క ఇంకా పెరగొచ్చు.

అద్దె అగ్రిమెంటులో ‘జాయింట్ అండ్ సెవరల్’ అన్న మాట కోసం వెతకండి. ఇక్కడ సెవరల్ అంటే అనేకం కాదు, విడివిడిగా అని. నలుగురు కలిసి ఫ్లాట్ తీసుకున్నాక ఒకడు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే, అతని వాటా అద్దె కూడా మిగిలిన ముగ్గురిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసే హక్కు యజమానికి ఉంటుంది. సబ్‌లెట్ (మీ వాటాని వేరేవాళ్ళకి అద్దెకివ్వడం) చేసుకోనిస్తారా, డిపాజిట్‌లోంచి దేనికి కోస్తారు అన్నవి కూడా అందులోనే ఉంటాయి.

అడ్మిషన్ వచ్చాక మీ యూనివర్సిటీ సైట్‌లో స్టూడెంట్ ఇన్సూరెన్స్ ప్లాన్ కాగితం ఉంటుంది. ఇంట్లో కూర్చుని ఓసారి మొత్తం చదివి, అర్థం కాని మాటల కింద గీత పెట్టుకోండి. ఏ ఖర్చు ఎవరిదో తేలకపోతే ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసుకి బయల్దేరకముందే మెయిల్ పెట్టండి.