నాన్న వీలునామాలో రాసిన తాబేళ్లు: పిల్లల్ని పంచిపెట్టవచ్చా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఇరవై ఏళ్ల కిందట మా నాన్న చెనిక్కాయ చేలో దొరికిన రెండు నక్షత్ర తాబేళ్లను ఇంటికి తెచ్చి బిడ్డల్లా సాకాడు. నాన్న పోయి ఏడాది దాటింది. తాబేళ్లు పెద్ద కూతురినైన నాకే చెందాలని వీలునామాలో రాశాడు. ఇప్పుడు వాటికి ఆరు పిల్లలు. నేను హైదరాబాదు వెళ్లిపోతున్నాను, అపార్ట్‌మెంటులో ఇన్నింటిని పెట్టుకోలేను. బాగా చూసుకునేవాళ్లకు ఇద్దామని వాట్సాప్ స్టేటస్‌లో ఫోటోలు పెడితే, బెంగళూరు ఆయన ఒకరు నాలుగు పిల్లలకు అడ్వాన్సు పంపాడు. నోటరీ దగ్గర దానపత్రం రాస్తే చాలంటున్నాడు. మా బావ మాత్రం వీటిని తన దగ్గరున్న సల్కాటా అనే విదేశీ తాబేలుకు పుట్టిన పిల్లలుగా చూపి ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేయిద్దామంటాడు. ఇన్నేళ్లయ్యాక కేసుకు గడువు దాటిపోయినట్టేనా? నాన్న జ్ఞాపకం పోకుండా దారి చెప్పండి.
– ఒక సోదరి, అనంతపురం జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం నాన్నగారి మీద ప్రేమే. కోర్టు చూసేది మాత్రం రెండే మాటలు: ‘చేలో దొరికిన’. నక్షత్ర తాబేలు వన్యప్రాణి. దాన్ని పట్టి తేవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఆనాడూ తప్పే. చట్టాన్ని మీరి పట్టిన, పెంచిన, పంజరంలో పుట్టించిన జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుందని సెక్షన్ 39 చెబుతోంది. మేకను కొంటే దాని పిల్ల కూడా మనదే అన్న లెక్క ఇక్కడ చెల్లదు. పెద్ద తాబేళ్లు మీవి కానప్పుడు ఆరు పిల్లలూ మీవి కావు.

ఇక వీలునామా. తనది కాని ఆస్తిని ఎవరూ రాసివ్వలేరు. చట్టంలో వారసత్వానికి మినహాయింపు ఉన్న మాట నిజమే. సెక్షన్ 40 ప్రకారం అలాంటి జంతువు వారసత్వంగా వస్తే 90 రోజుల్లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు (రాష్ట్రంలో వన్యప్రాణుల వ్యవహారాలు చూసే ముఖ్య అధికారి) డిక్లరేషన్ ఇవ్వాలి. కానీ అది చనిపోయిన మనిషికి హక్కు ఉన్నప్పటి సంగతి. నాన్నగారి పేరు మీద యాజమాన్య ధ్రువపత్రం ఏదైనా ఉందా? ఉంటే మీరు తప్పకుండా రాసేవారు. ఉందనుకున్నా, ఏడాది దాటింది కదమ్మా, ఆ 90 రోజులు ఎప్పుడో అయిపోయాయి.

కేసుకు గడువు దాటిందని మీకెవరైనా చెప్పి ఉంటే, సగం చదివి చెప్పారు. మూడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకే గడువు ఉంటుంది. పైగా జంతువును దగ్గర పెట్టుకోవడం రోజూ కొనసాగే నేరం. కొనసాగే నేరానికి ప్రతి రోజూ గడువు కొత్తగా మొదలవుతుందని క్రిమినల్ కేసులు నడిచే విధానం చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 518 స్పష్టంగా అంటోంది. అన్నిటికంటే ముఖ్యమైంది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో నక్షత్ర తాబేలు వన్యప్రాణి చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న జాబితా, షెడ్యూల్ 1లో చేరింది. అంటే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా. ఆ స్థాయి నేరానికి గడువే లేదు. కనీస జైలుశిక్ష ఉన్న నేరాన్ని డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలు కూడా చట్టం ఇవ్వలేదు.

బెంగళూరు ఆసామి చెప్పిన దానపత్రం జోలికి అస్సలు పోవద్దు. ప్రభుత్వ ఆస్తి అయిన జంతువును అనుమతి లేకుండా దానం చేయడాన్ని కూడా సెక్షన్ 39 నిషేధిస్తోంది. నోటరీ ముద్ర వేయించి సంతకం పెట్టారంటే, మీ నేరానికి సాక్ష్యం మీరే తయారు చేసి ఇచ్చినట్టు. డబ్బు తీసుకుంటే అది అమ్మకమే, పైన ఏ పేరు పెట్టినా సరే. రాయలసీమ మెట్టభూముల్లో వీటిని పట్టి విదేశాలకు దొంగతనంగా పంపే వ్యాపారం ఉందన్నది తెలిసిన విషయమే. అందుకే 2019లో వీటిని అంతర్జాతీయ వాణిజ్యం నిషిద్ధమైన జాబితాలోకి మార్చారు. బాగా చూసుకుంటానని వచ్చినవాడు ఎవరో మీకేం తెలుసు?

మీ బావగారి సలహా ఇంకా ప్రమాదం. సల్కాటా ఆఫ్రికా తాబేలు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం అలాంటి విదేశీ జీవులు దగ్గరున్నా, చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. ఆ నమోదు మన అడవి జంతువులకు వర్తించదు. జాతి మార్చి రాయడమంటే తప్పుడు ప్రకటన. పెంకు మీద నక్షత్రాలు చూసిన ఏ బీట్ ఆఫీసరైనా పట్టేస్తాడు. ముందు ఆయన సల్కాటా రిజిస్టర్ అయిందో లేదో చూసుకోమనండి.

పెళ్లి ఫోటోల్లా వీటిని స్టేటస్‌లో పెట్టడం ఏమిటమ్మా? చదువుకున్నవారు కదా. ఇప్పుడు కంగారుపడి డిలీట్ చేయకండి. చూసినవాళ్ల ఫోన్లలో స్క్రీన్‌షాట్లు ఉంటాయి, మీరు చెరిపినట్టు కనబడితే ఉద్దేశం చెడ్డదని అంటారు. వన్యప్రాణి మీ దగ్గర దొరికితే అది అక్రమమనే సెక్షన్ 57 ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసే భారం మీదే. రాత్రిపూట కొండలో వదిలేద్దామన్న ఆలోచన కూడా వద్దు. ఇంట్లో పెరిగిన తాబేలు రోగాలు మోసుకెళ్లి అక్కడివాటికి అంటించగలదు, పైగా వదలడానికీ అనుమతి కావాలి.

చేయాల్సింది ఇది. అడ్వాన్సు వచ్చిన దారిలోనే ఈరోజే వెనక్కి పంపండి, ఆ రికార్డు దాచండి. ఎనిమిది తాబేళ్లకూ విడివిడిగా ఫోటోలు తీయండి. జిల్లా అటవీ అధికారి పేరిట, మీ రేంజ్ ఆఫీసరుకు ప్రతితో, స్వచ్ఛందంగా అప్పగిస్తున్నట్టు అర్జీ రాయండి. ఎప్పుడు, ఎక్కడ దొరికాయి, ఎన్ని ఉన్నాయి, నాన్నగారు ఎప్పుడు పోయారు, అంతే. అబద్ధం రాయొద్దు, అనవసరమైన కథా వద్దు. అటవీ అధికారుల ముందు చెప్పిన మాట కోర్టులో నిలబడే సందర్భాలున్నాయి కాబట్టి, ఇచ్చే ముందు స్థానిక క్రిమినల్ న్యాయవాదికి చూపించండి. స్వయంగా అప్పగిస్తే కేసు రాదని నేను హామీ ఇవ్వలేను. కానీ దాడిలో దొరికిన మనిషికీ తానే వచ్చి చెప్పిన మనిషికీ అధికారులు, కోర్టు చూపే తేడా పెద్దది.

డబ్బాలో పెట్టుకుని బస్సులో మీరే తీసుకెళ్లకండి, దారిలో పట్టుకుంటే రవాణా కింద రాస్తారు. సిబ్బందినే ఇంటికి రమ్మనండి. తీసుకెళ్లేటప్పుడు తాబేళ్ల సంఖ్యతో సహా పంచనామా నకలు, అర్జీ మీద ముద్ర, తేదీ ఉన్న రసీదు అడిగి తీసుకోండి. అవి రెండూ చేతికి వచ్చాకే హైదరాబాదు సామాను కట్టుకోండి.