కేర్‌టేకర్‌ను పెట్టుకునే ముందు: మేనకోడలికి ఉత్తరం

చి.ల.సౌ. అమ్మలుకి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

పెద్దవాళ్ల ఇళ్లకు ఆయాలను, కేర్‌టేకర్లను పంపే ఏజెన్సీ పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వంగా ఉందో అంత బెంగగానూ ఉంది. నువ్వు పంపే మనిషి చేతిలో బీరువా తాళాలు ఉంటాయి, మంచం దిగలేని మనిషి ప్రాణమూ ఉంటుంది.

"వెరిఫికేషన్ అయిపోయింది మేడమ్" అని ఎవరన్నా ఏ వెరిఫికేషనో అడుగు. ఆధార్ మనిషెవరో చెబుతుంది. పాత యజమానికి చేసే ఫోన్ పనితనం చెబుతుంది. కేసుల సంగతి ఆ రెండింటిలోనూ తెలియదు.

పోలీసు వెరిఫికేషన్ తప్పనిసరిగా చేయించు. మామూలుగా నువ్వు రాసిన చిరునామా ఏ స్టేషన్ కిందికి వస్తే విచారణ అక్కడే సాగుతుంది. కాబట్టి ఇప్పటి అద్దె ఇల్లు ఒక్కటే రాసి ఊరుకోకు. సొంతూరు, అంతకుముందు ఉన్న ఊళ్లు కూడా రాయించు. సర్టిఫికెట్ దాని మీదున్న తేదీ వరకే పనికొస్తుంది. పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే క్లియరెన్స్ విదేశాలకు వెళ్లేవాళ్ల కోసం, నీకు అక్కర్లేదు. పోలీసు స్టేషన్ల కేసుల వివరాలను కలిపే సీసీటీఎన్‌ఎస్ నెట్‌వర్క్, 2018లో మొదలైన లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ పోలీసు వ్యవస్థ వాడుకునేవి. అందులో చూసి చెబుతామనే ఏజెంటుకు పైసా ఇవ్వకు.

ఇక కోర్టు రికార్డులు. ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని, పార్టీ పేరు, సంవత్సరం కొట్టి, పెండింగ్ (నడుస్తున్నవి), డిస్పోజ్డ్ (ముగిసినవి) రెండూ చూడాలి. ఆ మనిషి ఉన్న ప్రతి జిల్లాకూ ఇదంతా విడిగా చేయాల్సిందే. ఛార్జిషీటు పడి కోర్టు నంబరు వచ్చేదాకా కేసు సాధారణంగా ఇక్కడ కనపడదు, అందుకే పోలీసు వెరిఫికేషన్ మానొద్దని చెప్పింది. డబ్బు తీసుకుని నిమిషాల్లో రిపోర్టు ఇచ్చే కంపెనీల్లో చాలావరకు ఇలాంటి రికార్డుల్లోనే పేరు వెతికి ఇస్తాయి.

నా అసలు భయం ఇక్కడే, ఓపిగ్గా చదువు. అందరూ చేసే తప్పు, పేరు కలవగానే మనిషి దొరికాడనుకోవడం. మన పేర్లు ఎన్ని రకాలుగా రాస్తారో నీకు తెలుసు. శ్రీనివాస్, శ్రీనివాసులు, శ్రీనివాసరావు ఒకరే కావచ్చు, ముగ్గురూ కావచ్చు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఇంకోచోట ఒక్క అక్షరమే. ఇంగ్లీషులో లక్ష్మిని ఒకరు ఎక్స్ పెట్టి రాస్తారు, ఇంకొకరు కే ఎస్ హెచ్ పెట్టి. ఆడవాళ్లకైతే పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది, తండ్రి పేరున్న చోటికి భర్త పేరు వస్తుంది. ఒక్క స్పెల్లింగుతో వెతికితే ఉన్న కేసు జారిపోతుంది, పేరొక్కటే చూస్తే ఎవరి కేసో పని కోసం వచ్చిన అమ్మాయి మెడకు చుట్టుకుంటుంది. ఈ రెండోదే నాకు నిద్ర పట్టనివ్వదు. ఎందుకు వద్దన్నారో కూడా తెలియకుండా ఆ పిల్ల ఇంటికి వెళ్లిపోతుంది.

కాబట్టి పేరు కలిస్తే అక్కడ ఆగు. ప్రతి కేసుకూ విడిగా ఉండే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు రాసుకుని కేసు తెరువు. అది భూమి తగాదా కావచ్చు, విడాకులు కావచ్చు. క్రిమినల్ అయితే తీర్పు కాపీలో తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఊరు చూడు. 2015 తీర్పులో "వయసు 28" అని ఉంటే ఆ మనిషి 1987 ప్రాంతంలో పుట్టి ఉండాలి. నీ ఎదురుగా కూర్చున్నామె పుట్టింది 1996 అయితే ఆ కేసు ఆమెది కాదు. మూడూ కలిస్తేనే ముందుకు వెళ్లు.

కలిసినా తొందరపడకు తల్లీ. ఎఫ్‌ఐఆర్ అంటే ఫిర్యాదు నమోదైందని, ఛార్జిషీటు అంటే పోలీసులు నేరం మోపారని. శిక్ష పడితేనే నేరం రుజువైనట్టు. "డిస్పోజ్డ్" అని చూసి గుండెలు బాదుకోకు, కొట్టేసిన కేసూ డిస్పోజ్డే. చట్టం ఒప్పుకున్న కేసుల్లో రాజీ పడితే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. సెక్షన్ నంబరు చదివేటప్పుడు తేదీ చూసుకో. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దొంగతనం అప్పట్లో 379, ఇప్పుడు 303. మోసం 420 నుంచి 318కి మారింది. దొంగతనం, మోసం, కొట్లాట నీ పనికి సంబంధించినవి, కచ్చితంగా పట్టించుకో. ధర్నాలో పెట్టిన కేసుకు, ముసలావిడకు మందులివ్వడానికి ఏం సంబంధం? మైనరుగా ఉన్నప్పటి కేసు అడగనే అడగకు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ దాన్ని అనర్హతగా చూడొద్దంటుంది. 16 దాటాక ఘోరమైన నేరంలో పెద్దవాళ్లలా విచారించి దోషిగా తేల్చినవాటికి మాత్రం ఆ రక్షణ ఉండదు.

వెతికే ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకో, ఏమేం చూస్తావో అందులోనే తెలుగులో రాయి. "శిక్ష పడిందా?", "కేసు నడుస్తోందా?" అని రెండు ప్రశ్నలు విడివిడిగా పెట్టు. కలిపి అడిగితే జవాబు దేనికో తేలదు. ఏదైనా బయటపడితే ఆ కాగితం ఆమెకే చూపించి, చెప్పుకోవడానికి వారం గడువివ్వు. ఈలోపు ఏ ఇంటికీ పంపకు.

మొదటి నలుగురి ఫారాలు నింపాక నాకోసారి పంపు. తండ్రి పేరు గడి ఖాళీగా ఉంటే వెనక్కి పంపేస్తాను, కోపం తెచ్చుకోకు.

ఇట్లు,
మీ మామయ్య