చుక్కలు తీసెయ్

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏడో పేజీ దగ్గర కోపమొచ్చి పక్కన పడేశాను. రెండోసారి కరెంటు పోతే ఫోన్ లైటు వేసుకుని చదివాను. కోపం తగ్గలేదు.

ముంబై భేండీ బజార్లో ఏడేళ్ల బోహ్రా పిల్ల. బోహ్రాలంటే షియా ముస్లింలలో ఒక శాఖ. ఐస్‌క్రీమ్ కొనిపెడతానని నానమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. పిల్ల మెట్లు లెక్కపెట్టడం బాగుంది. తలుపు తీస్తారు, చాప పరుస్తారు. ఆ తర్వాత ఒక లైను నిండా చుక్కలు పెట్టి, "ఇరవై ఏళ్లు గడిచాయి" అన్నావు.

ఆ చుక్కల కింద ఏముందో నీకు తెలుసా? కాళ్లు గట్టిగా పట్టుకుంటారు. క్లిటోరిస్ మీది చర్మాన్ని కోస్తారు, ఒక్కోసారి క్లిటోరిస్ కూడా తెగుతుంది. నెత్తురు కారుతుంది. తర్వాత ఒంటేలుకు వెళ్లాలంటే ఆ పిల్ల ఏడుస్తుంది. వాళ్లు దీన్ని ఖత్నా అంటారు. ఇప్పుడు కొందరు డాక్టర్ల చేత చేయిస్తున్నారు, మత్తుమందు ఇచ్చినంత మాత్రాన తప్పు ఒప్పైపోదు. నువ్వు మాత్రం "సున్నితమైన భాగం" అని రాశావు. చదివేవాడు కన్ను అనుకోవాలా, మనసు అనుకోవాలా? క్లిటోరిస్ అనే రాయి. నిఘంటువులోంచి సంస్కృతం మోసుకురాకు.

1986లో మా ఎదురింటావిడ మీద కథ రాశాను. పురుడొచ్చిన మూడో వారానికే వరినాట్లకు దిగింది, గర్భసంచి జారింది. ఒక వారపత్రిక సంపాదకుడు గర్భసంచి అన్న చోటల్లా "ఆ భాగం" అని మార్చి, ముఖ్యమైన చోట మూడు చుక్కలు పెట్టి అచ్చేశాడు. అదే సంచికలో సీరియల్ హీరోయిన్ నడుము మీద అర పేజీ వర్ణన ఉంది, దానికి కత్తెర తగల్లేదు. కథ ఆవిడకే చదివి వినిపించాను. అంతా విని, "ఇంతకీ నాకేమైందని రాశావమ్మా, కాలిరిగిందనా?" అంది. పారితోషికం నలభై రూపాయలు. తిప్పికొడదామనుకున్నాను, కొట్టలేదు, ఇంట్లో బియ్యం లేవు.

చుక్కలు పెట్టబట్టే నీ నానమ్మ రాక్షసి అయిపోయింది. "పాము చూపు" అట! ఆ గదిలోకి నువ్వు వెళ్లి ఉంటే ఆవిడ చేతులు కనిపించేవి. పొద్దున పిల్లకు నూనె రాసి జడ వేసిన చేతులే. ఆవిడకూ ఏడేళ్లప్పుడు అదే జరిగింది. చేయించకపోతే పిల్ల శుద్ధి కాదని, జమాత్‌లో, అంటే వాళ్ల సమాజంలో, మాట పడాలని ఆవిడ భయం. ఆఫ్రికాలోని సోమాలీలాండ్‌లో ఎడ్నా అదాన్ ఇస్మాయిల్ అనే మంత్రసాని ఉంది. తండ్రి డాక్టరు. చిన్నప్పుడు ఆయన ఊళ్లో లేని సమయం చూసి అమ్మా, అమ్మమ్మా కలిసి ఆమెకు ఈ కోత చేయించేశారు. తిరిగొచ్చి ఆయన మండిపడితేనే తనకు జరిగింది తప్పని ఆ పిల్లకు తెలిసింది. 2002లో హర్గీసాలో ప్రసూతి ఆస్పత్రి పెట్టింది ఆవిడే. అమ్మా అమ్మమ్మా రాక్షసులైతే ఆ కథ చెప్పడం ఎంత సులువు!

ఇంకోటి. నీ కథలో ఆ పిల్ల లాయరై సుప్రీంకోర్టులో గెలిచేసింది. ఖత్నా మీద అసలు కేసు 2017లో పడింది, 2018లో పెద్ద ధర్మాసనానికి వెళ్లి ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంది. ఆఫ్రికాలోని గాంబియా 2015లో ఇలాంటి కోతల మీద నిషేధం పెట్టింది. 2024లో దాన్ని ఎత్తేద్దామని పార్లమెంటులో బిల్లే తెచ్చారు, అది ఓడిందనుకో. తీర్పుతో కథ ముగించడం ఈమధ్య పోటీ కథలకు పట్టిన జబ్బు.

బోహ్రా కానిదాన్ని, రాయొచ్చా అని అడిగావు. 2015 నుంచి సహియో అనే సంస్థ పెట్టుకుని ఆ ఆడవాళ్లే నోరు విప్పి చెబుతున్నారు. ముందు అది విను. మిగతా ప్రశ్నలేవో అడిగావు, ఉత్తరం ఎక్కడో పెట్టాను.

ఏడో పేజీ ఒక్కటే మళ్లీ రాసి పంపు. మెట్లు ఎన్ని, పదిహేడా? వాటి జోలికి వెళ్లకు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ