టెక్ సందేహాలు: ఫైలు కదలనని మొరాయిస్తే

ప్రశ్న: మాది పర్లాకిమిడి. పెళ్లి వీడియోలు తీస్తాం. ఉబుంటు లినక్స్‌లో ఫైళ్లను కదిలించే ఎంవీ (mv) కమాండ్‌తో 9 జీబీ వీడియోను పెళ్లివారి పెన్‌డ్రైవ్‌లోకి పంపబోతే 'ఫైల్ టూ లార్జ్' అంటోంది. అది 32 జీబీది, పూర్తిగా ఖాళీ. నకిలీ సరుకా?

జవాబు: అది నకిలీది కానక్కర్లేదు. ఈ సైజు పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఫ్యాట్32 ఫార్మాట్‌తో వస్తాయి. అందులో ఎంత చోటున్నా ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి. టెర్మినల్‌లో డీఎఫ్ అని కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్, క్యాపిటల్ టీ ఇవ్వండి. పెన్‌డ్రైవ్ వరుసలో వీఫ్యాట్ (ఫ్యాట్‌కు లినక్స్ పెట్టిన పేరు) అని కనిపిస్తే సంగతి ఇదే. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే ఈ బెడద పోతుంది, లోపలున్నవి కూడా పోతాయి. పాత టీవీలు కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు. అలాంటి ఇంటికైతే ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతలు అని ముక్కలు చేసి ఇవ్వండి. 9 జీబీ వీడియోను ఏకబిగిన చూసే చుట్టాలు ఎవరున్నారు లెండి!

అసలు ఫైలు పోయిందేమోనని టెన్షన్ పడకండి. ఒకే డిస్కులో అయితే ఎంవీ చిరునామా మాత్రమే మారుస్తుంది, అందుకే క్షణంలో పనైపోతుంది. వేరే డిస్కుకైతే మొదట కాపీ చేస్తుంది, అది పూర్తయ్యాకే పాతది తీసేస్తుంది. కాపీ మధ్యలో చెడితే పాతది ఉన్నచోటే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో సగం ముక్క మిగిలితే దాన్ని చెరిపేయండి.

ప్రశ్న: సిరొంచలో 2022 ప్రాణహిత పుష్కరాల వీడియోలు విండోస్ హార్డ్‌డిస్కులో ఉన్నాయి. తేదీ, ఘాట్, వచ్చినవాళ్ల వివరాలన్నీ తెలుగులోనే ఫైలు పేరుగా పెట్టాను. లినక్స్‌కు మారుస్తుంటే కొన్నింటికి 'ఫైల్ నేమ్ టూ లాంగ్' వస్తోంది. విండోస్‌లో ఏ ఇబ్బందీ లేదే!

జవాబు: విండోస్ పేరును గుర్తుల్లో (హల్లు, గుణింతం, పొల్లు ఒక్కోటీ ఒక్కో గుర్తు) కొలుస్తుంది, లినక్స్ బైట్లలో (కంప్యూటర్ నిల్వకు కొలత) కొలుస్తుంది. రెండింటిలోనూ హద్దు 255. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి హల్లుకూ, గుణింతం గుర్తుకూ, పొల్లుకూ, సున్నకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. 'పుష్కరం' చూడ్డానికి మూడక్షరాలే. లోపల ప, కొమ్ము, ష, పొల్లు, క, ర, సున్న అని ఏడున్నాయి, అంటే 21 బైట్లు. ఈ లెక్కన మీ పేరు 85 గుర్తులు దాటిందంటే లినక్స్ ఒప్పుకోదు. మరాఠీలో పెట్టినా, ఒడియాలో పెట్టినా ఇదే లెక్క. మన లిపులకు ఇది అన్యాయమే అనిపిస్తుంది నాకు, కానీ హద్దు మార్చడం మన చేతిలో లేదు.

ఎంవీ ఇచ్చేటప్పుడు గమ్యం దగ్గర ఫోల్డర్‌తో ఆపేయకుండా, దాని తర్వాత స్లాష్ పెట్టి పొట్టి పేరు కూడా రాయండి. కాపీ కొత్త పేరుతోనే పడుతుంది. వివరాలన్నీ ఒక టెక్స్ట్ ఫైలులో రాసి పక్కన ఉంచుకోండి. పేర్ల మధ్య ఖాళీలుంటే మొత్తం పేరును కోట్స్‌లో పెట్టాలి, లేకపోతే ఒక ఫైలును నాలుగు ఫైళ్లనుకుని 'నో సచ్ ఫైల్' అంటుంది.

ఒక్క జాగ్రత్త. పొట్టి పేర్లు పెట్టే తొందరలో రెండు వీడియోలకు ఒకే పేరు పడితే, మామూలుగా ఎంవీ అడగకుండానే మొదటిదాని మీద రెండోదాన్ని రాసేస్తుంది. హైఫన్ ఐ చేర్చండి, అప్పుడు అడుగుతుంది.

ప్రశ్న: ధర్మాబాద్‌లో మా దుకాణం లెక్కల ఫోల్డర్‌ను కమాండ్ ప్రాంప్ట్‌లో డీ (D) డ్రైవ్ నుంచి ఈ (E) డ్రైవ్‌కు మూవ్ చేస్తే 'యాక్సెస్ ఈజ్ డినైడ్'. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచినా అంతే.

జవాబు: ఆ సందేశం దారి తప్పిస్తుంది. మీ అనుమతుల్లో లోపం లేకపోయినా, విండోస్ మూవ్ కమాండ్ ఫోల్డర్‌ను ఒక డ్రైవ్ నుంచి మరో డ్రైవ్‌కు దాటించలేదు. విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండ్ వాడండి: మొదట పాత ఫోల్డర్, తర్వాత కొత్త ఫోల్డర్ పూర్తి పేరు, చివర స్లాష్ ఈ, స్లాష్ మూవ్. కొత్త ఫోల్డర్ పేరు రాయకపోతే లోపలి ఫైళ్లన్నీ ఈ (E) డ్రైవ్ మొదట్లోనే చెల్లాచెదురుగా పడతాయి. ముందుగా ఎక్సెల్ మూసేయండి. తెరిచి ఉన్న ఫైలు తగిలితే రోబోకాపీ 30 సెకన్లకోసారి, మనం ఆపమనకపోతే 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. స్లాష్ ఆర్ కోలన్ 2, స్లాష్ డబ్ల్యూ కోలన్ 5 చేర్చితే రెండుసార్లు చూసి వదిలేస్తుంది.